పెంచలయ్య మేస్త్రి వేసిన అతుకు

కాలిన ఉక్కు వాసన చేతులకు పడితే సబ్బుతో పోదు. ఉదయం నుంచి మూడుసార్లు కడుక్కున్నాను, ఇంకా ఉంది. ఈ రోజు నేనొక తప్పు చేశాను. మా తాతగారి కాలం నాటి ఒంటి గొట్టం తుపాకీకి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే పల్చటి ఉక్కు పట్టీ మీద, పదిహేనేళ్లుగా శనగగింజంత గడ్డ ఒకటి ఉంది. విరిగిన పట్టీని అతికినప్పుడు మిగిలిన గడ్డ. దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. చూడటానికి బాగాలేదని మాత్రమే దాన్ని గ్రైండర్‌తో గీకేశాను. గీకేసరికి లోపలి పాత పగులు వెంట్రుకంత సన్నంగా బయటపడింది. నున్నగా పూడుద్దామని నా చిన్న వెల్డింగ్ మిషను తీశాను. కరిగిన లోహం మొదటి చుక్క బాగానే పడింది. అది చల్లబడేదాకా ఆగలేదు. రెండో చుక్కకు పట్టీ కాగితంలా కాలి చిల్లు పడింది.

కొడవలూరు దగ్గర మా పొలాల్లో వరి పొట్టకొచ్చే వేళకు అడవిపందులు దిగుతాయి. వాటిని బెదరగొట్టడానికి తాతగారు తెచ్చుకున్న లైసెన్సు, నాన్న మీదుగా నాకు వచ్చింది. బడిలో లెక్కలు చెప్పుకునే నేను ఆ తుపాకీని పేల్చింది తక్కువ, తుడిచింది ఎక్కువ. ఎన్నికల ప్రకటన వచ్చిందంటే లైసెన్సులున్న రైతులం తుపాకులు తీసుకెళ్లి పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. అక్కడ వరసలో నిలబడినప్పుడు ఒకరి తుపాకీని ఒకరు చూస్తారు. ఈ సాయంత్రం నా వంతు. ఆ నలుగురి కళ్లకూ అది అందంగా కనబడాలనుకున్నాను. అందుకోసం, చనిపోయిన ఒక మనిషి చేతిపనిని పొడి చేసి నేల మీద పోశాను.

ఆయన పేరు పెంచలయ్య. బిట్రగుంట రైల్వే షెడ్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యాక, కాలనీ చివర రేకుల కింద చిన్న పని పెట్టుకున్నారు. పొలం గట్టు మీద నా చేతిలోంచి జారి తుపాకీ రాయి మీద పడి పట్టీ విరిగినప్పుడు, దాన్ని ఊడదీసి జేబులో వేసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదొకటే తెచ్చినారు గదా? గొట్టం, లోపలి సామాను తెస్తే నేను ముట్టుకోను సార్. అది లైసెన్సున్న మేస్త్రీల పని."

"ఇదొకటే. త్వరగా అయిపోతుందా?"

"త్వరగా కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తా, చిల్లుతో సహా."

పల్చటి ఉక్కుకు వేడి దాచుకునే చోటు ఉండదు. అందుకని ఆయన వెనక రాగి రేకు ఆనించి, ఒక్క చుక్క వేసి ఆగేవారు. చేతి తొడుగు తీసి, మడిచిన వేళ్ల వెనుక భాగాన్ని మెల్లగా పట్టీకి తాకించేవారు, జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. పూర్తిగా చల్లబడితేనే రెండో చుక్క. ఆ మధ్యలో చేసేదేమీ లేదు, కూర్చోవడమే. మా మాటలన్నీ ఆ ఖాళీల్లోనే నడిచాయి. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగారు. నా భార్య పోయి ఏడాదయిందని, నేనొక్కణ్ణే ఉంటానని చెప్పాను. అయ్యో అనలేదు. ఇంకో చుక్క వేసి, అది చల్లబడుతుండగా అన్నారు:

"ఆదివారాలు ఊరికే కూర్చోని ఏం చేస్తారు? ఈడికి రాండి. చుక్కలు వేద్దురు."

అలా దాదాపు ఏడాదిపాటు నా ఆదివారాలు ఆ రేకుల కింద గడిచాయి. పాత బిస్కెట్ డబ్బాల మూతల మీద నాచేత వెల్డింగ్ వేయించేవారు. నేను తొందరపడి కాల్చేసేవాణ్ణి. "ఎన్ని చిల్లులు వేసినారు సార్! జల్లెళ్లు అమ్ముకుందామనా?" అని నవ్వేవారు. మధ్యాహ్నం ఆయన టిఫిన్ గిన్నెలోని చేపల పులుసు సగం నాకు పెట్టేవారు. నా పట్టీ మీద గడ్డ ఎందుకు వదిలేశారని ఒకసారి అడిగాను. "గీకితే నున్నగా ఉంటాది, బలం పోతాది. ఉండనీండి" అన్నారు.

ఆ ఏడు ఎన్నికలు వచ్చాయి. తుపాకీ అప్పగించడానికి వెళుతుంటే, తానూ వస్తానన్నారు. "నా పని నలుగురు చూస్తారు గదా" అని ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్నే మా ఊళ్లో బస్సు దిగారు. స్టేషన్ వరండాలో నా సంచీ పట్టుకుని వెనకే నిలబడ్డారు. నా ముందున్న పెద్ద రైతు నా తుపాకీని చూసి, "ఏంది సార్, ట్రిగ్గర్ కాడ కురుపు లేచింది?" అన్నాడు. అందరూ నవ్వారు. "ఎవరు చేసినారబ్బా ఈ పని?"

పెంచలయ్య గారు ఒక అడుగు ముందుకు వేయడం నాకు తెలుస్తూనే ఉంది. అయినా అన్నాను:

"ఎవడో దారినపోయే రేకులవాడు."

ఆయన ఆగిపోయారు. సంచీని బల్ల మీద జాగ్రత్తగా పెట్టారు. "పొయ్యొస్తా సార్, బస్సుకు టైమయింది" అన్నారు. అప్పుడు బస్సేమీ లేదు.

తరువాతి ఆదివారం వెళ్లి క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆ పై ఆదివారమనుకున్నాను. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోవడం మళ్లీ అలవాటు చేసుకున్నాను, ఆ ఒక్క మాట చెప్పడం కంటే అదే సులువనిపించి. రెండేళ్లకు ఆయన పోయారని తెలిసింది. ఆ రోజు వాన. వాన వంక పెట్టుకుని వెళ్లలేదు.

ఈ మధ్యాహ్నం చిల్లుపడిన పట్టీని చేతిరుమాలులో చుట్టుకుని, స్కూటరు మీద బిట్రగుంట వెళ్లాను. ఆ రేకుల కింద ఇప్పుడు ఆయన కూతురు రమణమ్మ పని చేస్తోంది. నన్ను చూడగానే "లెక్కల సార్ గదా!" అంది. పట్టీ ఆమె చేతిలో పెట్టి, ఉదయం చేసింది చెప్పాను. ఆనాడు స్టేషన్లో అన్న మాట కూడా, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను.

ఆమె పట్టీని వెలుతురుకు పెట్టి చిల్లు చూసింది. "ఆ మాట నాయన మాతో అనలేదు సార్. 'సార్‌కు నా పని నచ్చలేదమ్మా' అన్నాడు, అంతే."

బల్ల కిందినుంచి తుప్పుపట్టిన డబ్బా ఒకటి లాగి నా ముందు పెట్టింది. దాన్నిండా రేకు ముక్కలు. ఒక్కొక్కటీ నా ట్రిగ్గర్ పట్టీలాగే వంచి, మధ్యలో విరిచి, మళ్లీ అతికినవి. కొన్నింటి మీద శనగగింజంత గడ్డ. కొన్నింటి మీద కందిగింజంత. కొన్నింటి మీద ఆవగింజంత.

"గీకే పని లేకుండా నున్నగా, బలం పోకుండా ఎట్టా వెయ్యాలా అని. మీరు మళ్లా వస్తే మార్చి ఇస్తానన్నాడు. ఆదివారమైతే ఇదే పని."

డబ్బా పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. ఆమె రాగి రేకు నా చేతికిచ్చి, "ఏడ్చింది చాల్లే సార్, ఇది పట్టుకోండి" అంది. ఒక చుక్క వేసింది. తొడుగు తీసి, మడిచిన వేళ్ల వెనుక భాగాన్ని పట్టీకి తాకించి చూసింది. ఆగింది. అలా తొమ్మిది చుక్కలు. అతుకు చిన్నగా, కొంచెం ఎత్తుగా మిగిలింది.

"గీకేదా సార్?"

"వద్దమ్మా. ఉండనీ."

వచ్చేటప్పుడు డబ్బాలోంచి ఒక ముక్క ఇమ్మని అడిగాను. గడ్డ పెద్దగా ఉన్నదాన్నే ఏరుకున్నాను. "ఆదివారం రాండి, ఇంకా చూద్దురు" అంది.

సాయంత్రం స్టేషన్లో కానిస్టేబులు రసీదు రాస్తూ తుపాకీకి గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగాడు. ట్రిగ్గర్ పట్టీ మీద అతుకుందని చెప్పాను. వెనకనుంచి అదే పెద్ద రైతు, ఇప్పుడు చేతికర్రతో, "ఆ కురుపు ఇంకా మానలేదా సార్?" అన్నాడు. నేను వెనక్కి తిరిగాను.

"ఇది బిట్రగుంట పెంచలయ్య మేస్త్రి గారి కూతురు వేసిన అతుకు. మొదట ఆయనే వేసినారు, దాన్ని నేను చెడగొట్టాను. ఆ రోజు ఎవరు చేశారని మీరు అడిగినప్పుడు ఆయన నా వెనకే ఉన్నారు. ఎవడో రేకులవాడన్నాను. అబద్ధం చెప్పాను."

వరండాలో ఎవరూ నవ్వలేదు. కానిస్టేబులు కలం ఎత్తి పట్టుకుని, "ఇదంతా రాయాలా సార్?" అన్నాడు.

"అతుకు వరకు రాస్తే చాలు."

రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటుంటే ఆయన అతికిన రేకు ముక్క చేతికి తగిలింది. మడిచిన వేళ్ల వెనుక భాగంతో దాన్ని తాకి చూశాను. ఎప్పుడో చల్లబడిపోయింది.