విరిగిన చోటు చూసిన మేస్త్రీ

మదనపల్లెలో మా పక్కింటి లేత్ మేస్త్రీ మామ పోయారని పోయిన వారం నా పాత స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. కాలేజీలో మేమిద్దరం షటిల్ డబుల్స్ ఆడేవాళ్లం. "మనల్ని మళ్లీ కలిపిన మనిషి పోయినాడే" అని ఏడ్చింది.

బి.కొత్తకోట, పెద్దమండ్యం రైతులు అరిగిపోయిన పంపు షాఫ్టులను బస్సు టాపు మీద వేసుకుని బాగుచేయించడానికి ఆయన లేత్ షెడ్డుకు తెచ్చేవారు. ఆయన వెంటనే పనిలోకి దిగేవారు కాదు. షాఫ్టును అరచేతుల మధ్య దొర్లిస్తూ, "యాల అరిగిందప్పా? నీళ్లలో ఇసక వస్తాండాదా?" అని అడిగేవారు. రైతుకు తొందర, ఆయనకు కుతూహలం. మా ఇంటి తాళం బిగుసుకుంటే నూనె వెయ్యనిచ్చేవారు కాదు. పెన్సిల్ ముల్లు గీకి, ఆ పొడి తాళంలోకి ఊదేవారు. "నూనెకి దుమ్ము పట్టుకుంటాదమ్మా. గ్రాఫైటు పొడిగానే జారతాది" అనేవారు.

ఎనభైల మొదట్లో, కాలేజీలో ఆటలు నేర్పే మా పీడీ సార్ బెంగుళూరు నుంచి పిడి పైనుండే కాడ, అంటే షాఫ్టు, గ్రాఫైట్‌తో చేసిన రాకెట్ తెచ్చి నా చేతికిచ్చారు. అప్పటిదాకా మావన్నీ స్టీలు షాఫ్టులే. కుప్పంలో పోటీలు మూడు రోజుల్లో ఉన్నాయనగా, ప్రాక్టీసులో అది పిడి దగ్గర పుటుక్కున విరిగింది. అంతకు క్షణం ముందే నా జోడీ రాకెట్ దానికి తగిలింది. "ఈమె కొట్టింది సార్" అనేశాను. సార్ ఆమెను అందరి ముందూ తిట్టి, జట్టులోంచి తీసేస్తానన్నారు. ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

అతుకు పడుతుందేమోనని ముక్కలు పట్టుకుని మేస్త్రీ దగ్గరికెళ్లాను. ఆయన లేత్ ఆపేశారు.

"ఇది గ్రాఫైటా? పెన్సిల్లో ఉండేదేనా?" అంటూ విరిగిన కొసను భూతద్దం కింద పెట్టారు. "నూలు మాదిరి ఉండాదే! పొడి చేస్తే జారతాది, దారం తీసి జిగురులో బిగిస్తే ఉక్కు మాదిరి నిలబడతాది. సూడమ్మా, ఒకటే సరుకు!"

చాలాసేపు తిప్పి చూశాక అడిగారు. "దీన్ని యాడన్నా అదిమి పెడతాండావా పాపా?"

రోజూ సైకిల్ క్యారియర్ క్లిప్పు కింద బిగించేదాన్ని. ఆ మాట చెప్పగానే ఆయన ఒక ముక్కను వైసు దవడల మధ్య పెట్టి, దాని పిడి తిప్పి కొంచెం బిగించారు. చిటపటమని పగిలింది.

"వంచితే ఓర్సుకుంటాది. పక్కనుంచి నొక్కితే ఓర్సుకోదు. ఇది ఒక్క దెబ్బకు పోయింది కాదు, ముందే నలిగుండాది. యాడ విరిగిందో బాగా సూస్తే, యాల విరిగిందో ఆణ్ణే కనపడతాది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"దీనికి అతుకెయ్యడం నా చేత కాదు. దారాలు తెగిపోయినాయి. నువ్వు పోయి ఆ పాపకు నిజం సెప్పు."

మర్నాడు సార్‌కీ, ఆమెకీ అందరి ముందే చెప్పాను. సార్ ఇద్దరినీ జట్టులో ఉంచారు. కుప్పం వెళ్లే బస్సులో మాత్రం ఆమె వేరే సీట్లో కూర్చుంది. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు లేచి నా పక్కకొచ్చింది. "క్యారియర్ కింద బిగించింది నువ్వు, తిట్లు తినింది నేను. బాగుండాది న్యాయం" అని, నవ్వు ఆపుకోలేకపోయింది.

స్టీలు రాకెట్లతోనే ఆడి రెండో రౌండులో ఓడిపోయాం. మేస్త్రీ మామ షెడ్డు మూసేసి వేరే బస్సులో కుప్పం వచ్చారు. మా ఆట కోసం కాదు, విరగని గ్రాఫైట్ రాకెట్ ఎవరి చేతిలోనైనా కనబడుతుందేమోనని. అవతలి జట్టులో ఒకమ్మాయి చేతిలో గ్రాఫైట్ రాకెట్ ఉంది. అందరూ షటిల్ వైపు చూస్తుంటే, ఆ అమ్మాయి కొట్టేటప్పుడు షాఫ్టు ఎలా వంగుతోందో ఆయన చూస్తూ కూర్చున్నారు.

ఆట అయ్యాక ఆ అమ్మాయి దగ్గరికెళ్లి, "ఒక్కపారి కొట్టనిస్తావా అమ్మా?" అని అడిగారు. ఆమె రాకెట్ ఇచ్చింది. ఆయన మసి చేతులు చొక్కాకు తుడుచుకుని, బలమంతా పెట్టి షటిల్‌ను నిటారుగా పైకి కొట్టారు. అది ఎండలోకి వెళ్లి కనబడకుండా పోయింది. ఖాకీ చొక్కాలో ఆ పెద్దమనిషి నోరు తెరిచి, తల పైకెత్తి, అది యాడ దిగుతాదా అని కోర్టు మధ్యలో చూస్తూ నిలబడిపోయారు.