సంత అరుగుల ప్లాను

ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు ఒక్కటే నెల ఉన్నట్టు అనిపించేది, మార్చి. మిగతా నెలల్లో ఫైళ్లు నిద్రపోయేవి. మార్చి రాగానే పైనుంచి ఫోన్లు మొదలయ్యేవి: ముప్పై ఒకటో తారీఖులోగా పని మొదలెట్టకపోతే నిధులు మురిగిపోతాయని. నేను టౌన్ ప్లానింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. తొంభైల చివర్లో అరకు దాటాక ఒక వారపు సంతకి సిమెంటు అరుగులు, రేకుల కప్పు మంజూరయ్యాయి. ప్లాను గీయడం నా వంతు.

సంత లేని రోజున జీపులో వెళ్లి స్థలం కొలుచుకొచ్చాను. ఖాళీ నేల, ఒక పనస చెట్టు, అంతే. ఆఫీసులో కూర్చుని నాకు తెలిసిన పద్ధతిలో గీశాను. పసుపుకి ఒక వరుస, రాజ్‌మాకి ఒక వరుస, అడ్డాకులకి ఇంకొకటి, కోళ్లు చివర్న. ఎంత పొందిగ్గా ఉందో అని మా ఇంజనీరు మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను, దాచుకోవడం ఎందుకు.

అరుగుల హద్దులకి ముగ్గు పోయడానికి వెళ్లిన రోజు సంత జరుగుతోంది. పసుపు పక్కన కోళ్లు, కోళ్ల పక్కన కొండ చీపుర్లు. పనస చెట్టు కింద పసుపు కొమ్ములు పోసుకుని కూర్చున్న ఒక పెద్దావిడని జరగమన్నాను. ఆవిడ జరగలేదు. అక్కడ సరుకుని బట్టి కూర్చోరట. ఏ ఊరివాళ్లు ఏ కొండదారిన దిగితే ఆ దారి మొదట్లోనే కూర్చుంటారట. ఆవిడ కూతుర్ని రెండు కొండల అవతల ఇచ్చారు. ఆ పిల్ల వారానికోసారి సంతకి వచ్చి, పుట్టింటివాళ్ల చోటు చూసుకుని, తల్లి పక్కన కాసేపు కూర్చుని పోతుంది. తల్లీకూతుళ్లు కలుసుకునేది అక్కడే.

"నీ వరసలో కూకుంటే మా గుంట నన్నెక్కడ ఎతుక్కుంటాది బాబూ? ఈ సోటొక్కటీ ఒగ్గీ" అంది.

ఇంజనీరుకి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. ప్లాను మారిస్తే మళ్లీ జిల్లా ఆఫీసు అనుమతి కావాలి, నెలాఖరుకి నాలుగు రోజులే ఉన్నాయి, ఈ ఏడు పోతే మళ్లీ ఇవ్వరు అన్నారు. అన్నీ నిజాలే. నేను రెండోసారి అడగలేదు. ఆవిడతో మాత్రం చూస్తామమ్మా అన్నాను. మా ఉద్యోగంలో అందరికంటే ముందు నోటికొచ్చే అబద్ధం అదే. పనస చెట్టు కొట్టేశారు.

రెండేళ్ల తర్వాత ఫైలు మూయడానికి అరుగుల మీద జనం కూర్చున్న ఫొటో కావాలన్నారు. కెమెరా పట్టుకుని వెళ్లాను. అరుగుల మీద మేకలున్నాయి. జనమంతా తమతమ దారుల వారీగా తారురోడ్డు పక్కన, లారీల దుమ్ములో కూర్చున్నారు. ఒక్క ఫొటో కోసం వచ్చి కూర్చోమని బతిమాలాను. ఎవరూ కదల్లేదు. చివరికి ఆ పెద్దావిడే ముందు లేచింది. పసుపు బుట్ట ఎత్తుకుని వచ్చి, నేను గీసిన పసుపు వరుసలోనే కూర్చుంది. ఆవిడ వెనక మరో పదిమంది వచ్చారు.

"అడిగినావు గదా బాబూ" అంది. "బేగి తీసీ. మా గుంట వచ్చే ఏలయింది."

ఫొటోలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆవిడ ఒక్కతే మెడ తిప్పి రోడ్డు వైపు చూస్తోంది. పైవాళ్లకి ఆ ఫొటో బాగా నచ్చి ఇంకో సంతకి నిధులిచ్చారు. అప్పటికి మార్చి సగం అయిపోయింది. పాత ప్లాను మీద ట్రేసింగ్ కాగితం పరిచి అవే వరుసలు దింపేశాను.