తాతను బయట కూర్చోమన్న వకీలమ్మ

మా తాత పిచ్చయ్యకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. ఏన్కూరులో కొత్తగూడెం బస్సెక్కితే జూలూరుపాడు వచ్చేలోపే మూడు సీట్లు మారతాడు. ముందు ఎండ అంటాడు, తర్వాత గాలి ఆడటం లేదంటాడు, ఆఖరికి డ్రైవరు వెనక నిలబడి అతనికే దారి చూపిస్తుంటాడు. అన్నం కూడా తిరుగుతూనే తింటాడు. "ఏందయ్యా, నీ కాళ్లకు చక్రాలున్నయా? పళ్లెం పట్టుకొని వాకిట్ల ఊరేగుతున్నవ్" అని మా నాయనమ్మ భారతమ్మ పెళ్ళైన నాటినుంచీ అడుగుతూనే ఉంది. జవాబు చెప్పడానికి ఆయన అక్కడ నిలబడితే కదా.

ఏదైనా ఒకసారి ఎంచుకుని ఊరుకునే రకమూ కాదు. మిరప విత్తనం ఏటేటా మారుస్తాడు. మంగలిని మారుస్తాడు. బోరు వేయించిన ఏడాది నీళ్ళు చూసేవాళ్ళను ముగ్గురిని పిలిపించాడు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచాడు. ఇంకొకాయన వేపపుల్ల పట్టుకున్నాడు. మూడో ఆయన ఏమీ పట్టుకోలేదు, చెప్పులు విప్పి నడిచాడంతే. ముగ్గురూ మూడు చోట్లు చూపించారు. తాత ముగ్గురినీ కాదని తనకు తోచిన నాలుగో చోట వేయించాడు. నీళ్ళకు బదులు దుమ్ము లేచింది. ఇప్పటికీ ఆ గుంత పక్కగా వెళ్ళేటప్పుడు ఇంట్లో ఎవరం ఆయన మొహం చూడం, నవ్వొస్తుందని.

ఇలాంటి మనిషికి వకీలును ఎంచుకునే పని పడింది.

మా నాగలత అత్త తాతకు ఒక్కతే కూతురు. కొత్తగూడెంలో హార్డ్‌వేర్ దుకాణం ఉన్న మురళీకృష్ణకు ఇచ్చారు. ఆయన చేయి చేసుకుంటాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజే తాత కొత్తగూడెం వెళ్ళి, సాయంత్రానికల్లా అత్తను తీసుకొచ్చేశాడు. కొడుకు నాగచైతన్య మాత్రం రాలేదు. చైతుకు అప్పటికి ఐదేళ్ళు నిండలేదు. వారం తిరక్కుండా అత్త పిల్లవాడి కోసం వెళ్తే గేటు తీయలేదు. లోపల వాడు టీవీ చూస్తున్న చప్పుడు బయటికి వినిపించిందట. ఆ తర్వాత రోజూ పొద్దున్నే అత్త, తన సంచిలో వచ్చిన చైతు చొక్కా ఒకటి ఉతికి ఆరేసేది. మాసింది కాకపోయినా ఉతికేది.

నా చదువు ఇంటర్ సగంలో ఆగింది కాబట్టి తాత ఎక్కడికి బయలుదేరినా తోడు నేనే. బోర్డులు చదవడానికి ఆ మాత్రం చదువు చాలని ఆయన లెక్క.

ఖమ్మంలో మొదటి వకీలు గది గోడ నిండా పుస్తకాలే. తాత కుర్చీ అంచున కూర్చుని అందుకున్నాడు.

"నా బిడ్డను ఎల్లగొట్టిన్రు సారూ. పిల్లగాన్ని గుంజుకున్నరు. విడాకులు కావాలె. వాళ్ళు జైలుకు పోవాలె."

పక్కనున్న అత్త నోరు తెరవబోయింది. "నువ్వుండు బిడ్డా, నేను జెప్తున్న గద" అన్నాడు. వకీలు సారు ఫోను చూసుకుంటూనే అన్నీ అయిపోతాయన్నాడు. బయటికి రాగానే తాత తలపాగా దులిపి, "అన్నీ అయితయన్నోడు ఏదీ చెయ్యడు" అన్నాడు. ఆ మాటలో మాత్రం ఆయనను తప్పుపట్టలేం.

తర్వాత మిర్చి యార్డులో మా పంట అమ్మిపెట్టే అడ్తిదారు చెప్పిన వకీలు దగ్గరికి వెళ్ళాం. ఆయన కేసు ఖమ్మంలోనే వేద్దామన్నాడు. తాత అంతకుముందే కారేపల్లిలో ఇంకో వకీలును అడిగొచ్చాడు.

"కొత్తగూడెంలనే వెయ్యాలె అని కారేపల్లి ఆయన అన్నడు గద సారూ?"

"అయితే కారేపల్లి ఆయన దగ్గరికే పో పెద్దమనిషీ."

తాత నిజంగానే వెళ్ళాడు. అక్కడ ఈయన అన్న మాట ఆయనకు చెప్పాడు. అలా ఒకరి మాట ఇంకొకరికి మోస్తూ, ఇద్దరి మాట ఎక్కడ కలుస్తుందా అని చూస్తూ తిరిగాడు. వానలు పడ్డాయి. మిరప నారు పోసే రోజులొచ్చాయి. ప్రతి గదిలోనూ అదే కథ, ప్రతి గదిలోనూ "నువ్వుండు బిడ్డా". నాయనమ్మకు విసుగు పుట్టింది.

"బోరు లెక్కనే చేస్తున్నవయ్యా. ఈడ గూడ దుమ్మే లేస్తది."

"ఊకో. వకీలంటే గొర్రెపిల్లనా, నోరు తెరిచి పళ్లు జూసి తెచ్చుకొనీకి?"

అప్పుడు అత్త ఒక పేరు చెప్పింది. కొత్తగూడెంలో రాజ్యశ్రీ అనే వకీలట. తనతో చదువుకున్న దుర్గ కేసు ఆమే చూసిందట.

"గెలిచిందా?" అన్నాడు తాత.

"ఓడిపోయింది."

"ఓడిన వకీలు కాడికి నన్ను దీస్కపోతవా!"

"ఓడిపోతవని ముందే చెప్పిందంట నాయినా. దుర్గనే మొండికేసి వేయించింది."

తాతకు ఆ లెక్క తలకెక్కలేదు కానీ, కొత్త వకీలు అనేసరికి కాళ్ళు వాటంతటవే బస్టాండు వైపు నడిచాయి.

రాజ్యశ్రీ మేడం ఆఫీసు ఒక కిరాణా దుకాణం పైన చిన్న గది. తాత అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు విని, కలం కింద పెట్టింది.

"పెద్దాయనా, కేసు మీదా, అమ్మాయిదా?"

"ఇద్దరిదీ."

"అయితే ముందు అమ్మాయితోని మాట్లాడ్త. మీరు బయట కూర్చోండి."

"నేను తండ్రిని మేడం."

"అందుకే."

తలుపు మూసుకుంది. వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. తాత కూర్చున్నాడు, లేచాడు. బోర్డు మీది పేరు నా చేత మళ్ళీ చదివించుకున్నాడు. మెట్లు దిగి చాయ్ తాగొచ్చాడు. నాకు తేలేదు. కుర్చీని నీడలోకి జరిపాడు, మళ్ళీ ఎండలోకి జరిపాడు. చివరికి తలుపుకు చెవి ఆనించబోతే పంచె పట్టి లాగాను.

"లోపల ఏం జెప్తుందే గంటసేపు?"

"నీ మీద చాడీలు" అన్నాను.

"ఏమని?"

నేను ఊరికే అన్నాను. తాత మొహం మాత్రం ఊరికే మారలేదు.

తలుపు తెరిచి మేడం మా ఇద్దరినీ లోపలికి పిలిచింది. అత్త కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ నిటారుగా కూర్చుంది.

"పెద్దాయనా, మీరు అమ్మాయిని తీసుకపోయిన రోజు పిల్లగాడు ఎక్కడున్నడు?"

"జెప్పిన గద మేడం, గుంజుకున్నరని..."

"నాయినా" అంది అత్త. "ఉన్నదున్నట్టు జెప్పు."

తాత కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చూడ్డానికేమీ లేదు, ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప. దాన్నే చూస్తూ చెప్పాడు.

"ఆటోల తల్లి పక్కనే కూసున్నడు. నేనే దింపి గేటు కాడ ఇడిసిన. పోరడు ఏడుస్తుంటే సముదాయించలేక, రెండ్రోజులల్ల వాళ్ళే వచ్చి మా కాళ్ల మీద పడతరనుకున్న."

ఈ మాట నేను వినడం అదే మొదటిసారి.

మేడం గొంతు పెంచలేదు. "వాళ్ళ వకీలు మొదట అనేది ఇదే, తల్లే వదిలేసి పోయిందని. వదిలింది తల్లి కాదని చెప్పగలిగింది మీరొక్కరే. ఆ మాటే కాయితం మీద రాసి అఫిడవిట్ ఇయ్యాలె. జడ్జి గారు అడిగితే నోటితోని చెప్పాలె. పిల్లగాడికి ఐదేళ్ళెప్పుడు నిండుతయి?"

"దసరాకు" అంది అత్త.

"ఐదేళ్ళలోపు పిల్లలైతే చట్టం తల్లి దిక్కే మొగ్గుతది. ఆ తర్వాత తల్లికి రాదని కాదు, కొట్లాట పెరుగుతది. మీరేమో వకీళ్ళను చూసుకుంట ఇన్ని నెలలు పోగొట్టిన్రు. వాడు ఈ ఊళ్ళనే ఉంటున్నడు కాబట్టి ఇక్కడి కోర్టులనే వేద్దాం. విడాకుల సంగతి అమ్మాయి తర్వాత ఆలోచించుకుంటది. ఆమె అడిగింది కొడుకును."

"గెలుస్తమా మేడం?"

"తెల్వదు. అవకాశమైతే మంచిగుంది, మీరు నిజం చెప్తే."

మెట్ల మీదికి రాగానే తాతకు మళ్ళీ చక్రాలు మొలిచాయి. "ఈమె మనకొద్దు. నన్నే దొంగను జేసింది. భద్రాచలంల ఒకాయన ఉన్నడంట, మస్తు పేరంట. రేపు జల్దీ లేసి..."

అత్త మెట్టు మధ్యలో ఆగిపోయింది.

"నీకు కావాలంటే ఆయన్ను నువ్వు పెట్టుకో నాయినా. నా వకీలు ఈమెనే."

"ఊరంత నవ్వుతది బిడ్డా. మనవణ్ణి రోడ్డు మీద ఇడిసిండని."

"నవ్వనీ. ఆ దినం వాడు నా కొంగు ఇడువలే. ఒక్కొక్క వేలు పట్టుకొని నువ్వే ఊడదీసినవ్. నేను సూసుకుంట కూసున్న. నువ్వు జెప్పేది నీ ఒక్కని సంగతి కాదు, నాది గూడ."

కింద కిరాణా దుకాణంలో ఎవరో చింతపండు బేరమాడుతున్నారు. తాత కాసేపు ఆ బేరం వింటున్నట్టు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

"యాడికి తాతా?" అన్నాను.

"ఆ కాయితం ఎప్పుడు రాస్తదో అడిగొస్త."

కోర్టులో తాతను పిలిచిన రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. అటువైపు వకీలు నవ్వుతూ, "కూతురి కోసం అబద్ధం చెప్తున్నవా పెద్దాయనా?" అని అడిగాడు.

"అబద్ధం ఇన్నాళ్ళు జెప్పిన సారూ. ఇప్పుడు జెప్తలేను."

ఆ మాట చెబుతున్నంతసేపూ తాత కదలలేదు. ఆయన మెడ వెనక నుంచి చెమట చొక్కాలోకి కారడం నాకు కనిపించింది.

కేసు తేలేదాకా పిల్లవాడు తల్లి దగ్గరే ఉండాలని, తండ్రి ఆదివారాలు వచ్చి చూడవచ్చని, దసరా ఇంకా రాకముందే బతుకమ్మ పూల రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. మిగతా కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

చైతును తీసుకుని బస్సెక్కాం. వాడు ఎత్తు పెరిగాడు. అత్తకు అతుక్కుని కూర్చున్నాడు కానీ తాత వైపు చూడలేదు. అడవి మొదలయ్యాక అడిగాడు.

"నువ్వే నన్ను ఆటోల నుంచి దింపినవ్ గద తాతా?"

"అవ్ రా. నేనే."

"ఎందుకు?"

"తెలివి లేక."

వాడు ఆలోచించాడు. "మళ్ళ దింపుతవా?"

"దింపను."

వాడు నమ్మలేదు. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఏన్కూరు వచ్చింది. ఎప్పుడూ అందరినీ దిగండి దిగండని తోసే తాత తానొక్కడే ముందు దిగి, దూరంగా జరిగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు "జల్దీ కానియ్" అని అరిచాడు. తాత కదలలేదు. చైతు ఆ చేతుల వైపు చూసి, కమ్మీ వదిలి, తనంతట తానే ఒక్కో మెట్టూ దిగాడు.