గాబ్రియేలు వెయ్యని కేక

బావి తవ్వుతుంటే బండ తగిలిందా, గాబ్రియేలుకు కబురు పోవాల్సిందే. జమ్మలమడుగు చుట్టుపక్కల ఇరవై ఏళ్లు తూటాలు పేల్చాడు; ఒక్క మనిషికీ చిన్న గాయం కూడా కాలేదు. వత్తి అంటించే ముందు మూడు కేకలు వేసేవాడు. ప్రతి కేకకూ అక్కడున్న ప్రతివాడూ "ఈడుండా!" అని పలకాలి. ఒక్క గొంతు తక్కువైనా నిప్పు ముట్టించడు. ఒకసారి బావి ఆసామి పెద్ద ఈరన్న బీడీకని పోయి పలకలేదు. అర్ధగంట పని ఆపేసి, వచ్చాక ఆసామి అని కూడా చూడకుండా కడిగిపారేశాడు. అలాంటి మనిషి బతుకు పాడుచేసినవాణ్ణి నేను.

1957 ఎండాకాలంలో మద్రాసు నుంచి సినిమా చదువు చదివే కుర్రాళ్లు ఆరుగురు గండికోటకు వచ్చారు. పరీక్ష కోసం చిన్న సినిమా తీయాలట. డైరెక్టరు సుందరానికి తెలుగు రాదు. బడిపంతులుగా నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాణ్ణని నన్ను మధ్య మనిషిగా పెట్టుకున్నారు. ఎంత మురిసిపోయానో! నేనే డైరెక్టరయినట్టు తిరిగాను.

కోటకు దూరంగా, లోయ అంచున ఒక బండ పేలాలి. ఆ మోత లోయలో మార్మోగడం వాళ్ల రికార్డింగు పెట్టెలో పట్టుకోవాలి. గాబ్రియేలు, అతని చెల్లెలు జీవమ్మ మొగుడు ఏసన్న కలిసి బండకు తూట్లు పొడిచి మందు దట్టించారు. కెమెరాకు కనపడకూడదని గాబ్రియేలును పొడుగాటి వత్తి ఇచ్చి గుట్ట వెనక కూర్చోబెట్టాం. అక్కడినుంచి అతనికి బండ కనిపించదు.

సైలెన్స్ అన్నాక ఎవరూ కిక్కురుమనకూడదనీ, తాను గుడ్డ ఊపితే నిప్పు పెట్టాలనీ సుందరం చెప్పాడు. నేను అదే గాబ్రియేలుకు చెప్పాను.

"కేక లేకుండా నిప్పా? పలుకు వినపడకుంటే నాకు చెయ్యాడదు అయ్యవారూ."

"నీ కేక వాళ్ల సినిమాలో పడతాదప్పా. అందరినీ నేను చూస్తాండా కదా."

"మీరు చూస్తాండారా?"

"చూస్తాండా అంటి కదా! నోరు మూసుకోని కూర్చో."

కాసేపు నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. పోయి గుట్ట వెనక కూర్చున్నాడు.

సైలెన్స్ అన్నారు. గాలి కూడా ఆగిపోయింది. సుందరం గుడ్డ ఊపాడు. నేను గాబ్రియేలుకు ఊపాను. అతను వత్తి అంటించాడు.

సరిగ్గా అప్పుడే కెమెరాలో కన్ను పెట్టిన కుర్రాడికి బండ పక్కన మరిచిపోయిన గడ్డపార కనిపించింది. గుడ్డ ఊపడం వాడు చూడలేదు. అరవకూడదు కదా! పక్కనున్న ఏసన్నను తట్టి, తీసెయ్యమని వేలు చూపించాడు. ఏసన్నా గుడ్డను చూడలేదు. కేక వినపడలేదు కాబట్టి నిప్పు పెట్టలేదనుకున్నాడు. చప్పుడు కాకుండా మునివేళ్ల మీద బండ దగ్గరికి పోయాడు.

నేను చూశాను. దేవుడి సాక్షిగా చూశాను. అరవాల్సినవాణ్ణి, అరవొచ్చా అన్నట్టు సుందరం మొహం వైపు తిరిగాను. ఆలోపే బండ పేలింది. మోత లోయలో మూడుసార్లు మార్మోగింది.

"కట్" అన్నాడు సుందరం.

గుట్ట వెనకనుంచి గాబ్రియేలు పరుగెత్తుకొచ్చి ఒక్కొక్కరి పేరూ పిలిచాడు. అందరం పలికాం. "ఏసన్నా! పలుకు బావా!" అని గొంతు పోయేదాకా అరిచాడు.

పొద్దుగూకేలోగా శవాన్ని ఇంటికి చేర్చాం. జీవమ్మ ఏడవలేదు. అన్న రెక్క పట్టుకుని అడిగింది.

"కేకేసినావా అన్నా? ఆయప్ప పలకలేదా?"

"ఎయ్యలేదమ్మా."

"ఎందుకెయ్యలేదు?"

నేను గడపలోనే నిలబడి ఉన్నాను. గాబ్రియేలు నా వైపు చూడలేదు.

"మర్సిపోతి," అన్నాడు.

కేక మరిచినవాడితో పనేమిటని ఆ తర్వాత ఏ ఊరివాళ్లూ అతన్ని బావికి పిలవలేదు. జీవమ్మ చచ్చేదాకా అతని ఇంటి గడప తొక్కలేదు. నేను జీవమ్మ ఉన్న వీధినే రోజూ బడికి పోయేవాణ్ణి. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.