ముక్కుదిబ్బ మీద ఆఖరి గూడబాతు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా అమ్మ ప్రయాణం గూడబాతుల చేతిలో పడింది. పిట్టలకు చేతులెక్కడివి అని నా మనవరాలు నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, జరిగింది మాత్రం అదే.

మాది ఐరాల పక్కన చెరుకు పండించే ఊరు. అమ్మ పుట్టిల్లు అక్కడికి చాలా దూరం. నాయుడుపేట దాటి తూర్పుగా పోతే పులికాట్ సరస్సు ఒడ్డున ఉంటుంది. తమ్ముడి కాన్పుకు అమ్మ అక్కడికి పోతూ నన్నూ వెంట తీసుకుపోయింది. తమ్ముడు పుట్టినప్పుడు పిడికెడంత ఉన్నాడు. వాడు కాస్త తేరుకున్నాక అమ్మను అత్తగారింటికి పంపాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. దాంతోపాటు ఇంకో మాట కూడా అనుకున్నారు. అమ్మ ఒంట్లో ఇంకా సత్తువ రాలేదు, మా ఊళ్ళో చూస్తే గానుగ ఆడే కాలం, ఇద్దరు పిల్లలను సాకడం ఆమె వల్ల కాదు. కాబట్టి వానలు మొదలయ్యేదాకా నేను అక్కడే, అమ్మను కన్న మా అవ్వ దగ్గర ఉండాలి.

ఈ మాట నాకెవరూ చెప్పలేదు. తలుపు చాటున ఉండి విన్నాను. ఆ పూట అన్నం ముట్టలేదు. పడుకునేటప్పుడు అమ్మ కొంగును నా లంగా బొందుకు ముడేసుకున్నాను. అమ్మ లేస్తే నేనూ లేస్తాను గదా, నన్ను వదిలి ఎలా పోతుందో చూద్దామని నా తెలివి.

మా అవ్వ నన్ను బుజ్జగించలేదు. బుజ్జగించడం ఆవిడకు రాదు. మాటకు ముందే కసురు వచ్చే మనిషి. కానీ మర్నాడు పొద్దున కందులు చెరుగుతూ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఇక్కడ ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళో గూడబాతులను పిట్టలుగా చూడరు, ఆడబిడ్డలుగా చూస్తారు. వానల కాలంలో వస్తాయి. చెరువు నీళ్ళలో నిలబడిన చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను లేపుకుని, ఎండలు ముదిరే వేళకు వెళ్ళిపోతాయి. పురుటికి పుట్టింటికి వచ్చినట్టే అన్నమాట. అవి ఉన్నన్నాళ్ళూ అక్కడ దీపావళికి టపాకాయ పేలదు, పెళ్ళి మేళమైనా ఊరు దాటాకే మోగుతుంది. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పారితే వరి ఏపుగా వస్తుంది. పుట్టింటి నుంచి మూటలు మోసుకుపోయే ఆడబిడ్డలనే చూసినాం గానీ ఇచ్చిపోయేవి ఇవే అని మగవాళ్ళు ఎకసెక్కం ఆడేవారు. 

“ఏమ్మే, ఏడ్సబాక. ఈ ఊళ్ళో కూతుర్ని పంపేదానికి ఒక పద్ధతి ఉండాది,” అంది అవ్వ. “పిట్టలు పోకముందే నా బిడ్డను పంపితే నలుగురూ నవ్వుతారు. ముక్కుదిబ్బ మీద ఆఖరి గూడబాతు లేసిపోయినాకనే మీయమ్మను బస్సెక్కించేది. నాకు పనుండాది. నువ్వే పోయి సూసి నాకు చెప్పాల.”

ముక్కుదిబ్బ అంటే సరస్సులోకి ముక్కులా పొడుచుకుపోయిన ఇసుక మొన. మూడు వైపులా నీళ్ళు, ఒక వైపు మా అవ్వ వాళ్ళ పెరడు. వెళ్ళిపోయే ముందు గూడబాతులన్నీ చెరువు వదిలి ఆ మొన మీదికి చేరేవి. వంటింటి వాకిట్లో నిలబడితే దిబ్బ కనిపిస్తుంది కాబట్టి నన్ను ఒంటరిగా పంపడానికి అవ్వకు భయం లేదు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్క పిట్ట మిగిలితే చాలు గదా, అమ్మ నాదే. మొదటి రోజు తెల్లవారకముందే పోయి, తుమ్మచెట్టు కింద కూర్చుని, వాటికి రెండు చేతులూ జోడించి మొక్కాను. పోవద్దమ్మా, పోవద్దు అని. బూడిద రంగు రెక్కలు, ముక్కు కింద పొలానికి నీళ్ళు తోడే గూడలాంటి సంచి. నావైపు తిరిగి కూడా చూడలేదు.

మా ఇంట్లో ఏ ప్రయాణమైనా తొలికోడి కూసే వేళకే మొదలవుతుంది. అవీ అలాగే పోతాయనుకుని కాపలా కాశాను. అవి కదల్లేదు. ఎండెక్కింది. తీరిగ్గా ఈకలు దువ్వుకుంటున్నాయి. ఇసుక కాలి నా అరికాళ్ళు చురుక్కుమనే వేళకు ఒకటి లేచింది. ఎంత అవస్థ పడి లేచిందనుకున్నారు! నిండు బిందె ఎత్తుకున్న మనిషిలా నాలుగడుగులు ఊగి, రెక్కలు టపటపా కొట్టుకుని, ఎలాగో గాల్లోకి పోయింది. తాటిచెట్టంత ఎత్తుకు పోయాక రెక్కలు ఆడించడం మానేసింది. పడిపోతుందనుకున్నాను. పడలేదు. చాచిన రెక్కలు చాచినట్టే ఉంచి గుండ్రంగా తిరుగుతూ పైకి, ఇంకా పైకి పోయింది. ఎవరో పైనుంచి లాగుతున్నట్టు. దాని వెనక ఇంకొకటి సరిగ్గా అదే చోటికి పోయి తిరగడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకొన్ని. ఒక పక్కకు తిరిగితే తళుక్కుమంటాయి, ఇంకో పక్కకు తిరిగితే ఆకాశంలో కలిసిపోతాయి. ఉన్నట్టుండి ఆ సుడి విడిచి వరసగా పడమటికి జారిపోయాయి.

అవి పోవద్దని మొక్కడానికి వచ్చినదాన్ని, ఆ మాటే మరిచిపోయాను. ఇంటికి పరిగెత్తి, రెక్కలు కదల్చకుండా పైకెలా పోతాయని అవ్వను పీడించాను. ఆవిడ మాటల్లో చెప్పలేదు. పొయ్యిలో మంట ఎగదోసి, గుప్పెడు ఊక తీసి పైన జల్లింది. ఊక కొంచెం కింద పడి, తేలికైన పొట్టు మాత్రం గిర్రున తిరుగుతూ పైకప్పు దాకా పోయింది. “ఇసక కాగితే ఈ పొయ్యి మాదిరే. అందుకే ఎండెక్కేదాకా కూసోనుంటాయి. మీ నాయన మాదిరి చీకట్లోనే గంతులెయ్యవు,” అంది.

ఆ రోజు మొదలు నాకు అదే పని అయింది. ఏది ముందు లేస్తుంది? మబ్బు పడితే ఏం చేస్తాయి? మబ్బు పడితే పోవు, కదలకుండా కూర్చుంటాయి. అది నేనే కనిపెట్టాను. యాడికి పోతాయని అడిగితే, అత్తగారింటికి అనేది అవ్వ. అవి పోయేది పడమటికే కాబట్టి ఐరాలకే పోతున్నాయని నేను తేల్చుకున్నాను.

అవ్వ చెప్పేవన్నీ పొయ్యి మీద ఊకంత నిజం కావు. ఆడబిడ్డలు శుక్రవారం పుట్టింటి గడప దాటరు, ఈ పిట్టలూ అంతే అంది ఒకసారి. శుక్రవారం రోజు వేచి చూశాను. ఎండెక్కగానే బారుకు బారు లేచి పోయాయి. రొప్పుతూ వచ్చి చెప్పాను. అవ్వ తొణకలేదు. “అవి మనూరివి కాదులే. పక్కూరి పిట్టలు. వాళ్ళకు పద్ధతా పాడా?” అంది.

ఇంకో రోజు పసుపు కలిపిన బియ్యం కొంగులో తెచ్చి దిబ్బ మీద చల్లింది. కూతురికి ఒడి నింపి పంపినట్టు, ఏటా వాటికీ ఒడిబియ్యం పెట్టడం ఆ ఊరి ఆడవాళ్ళకు అలవాటు. గూడబాతులు చేపలే గదా తినేది, బియ్యం తింటాయా అని అడిగాను. “మీయమ్మ మాత్రం ఒళ్ళో పోసిన బియ్యం దావలో బొక్కుతాదా?” అని కసిరింది. ఆ బియ్యాన్ని పావురాలు తిన్నాయి.

దిబ్బ పలచబడుతూ వచ్చింది. ఒక సాయంత్రం అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని నా పక్కకు వచ్చి కూర్చుంది. సరస్సు వెనక్కి పోయి ఒడ్డంతా ఉప్పు బురద పగుళ్ళు పట్టింది. “ఇంకా ఉండాయా పాపా?” అని అడిగింది. ఉన్నాయని వేలు పెట్టి చూపించాను. అమ్మ ఊపిరి వదిలి నా తల తన ఒడిలోకి లాక్కుంది. నన్ను వదిలి పోవడం ఆమెకూ ఇష్టం లేదని అప్పుడు తెలిసింది. అది తెలిశాక నాకు ధైర్యం రావలసింది పోయి, ఇంకా ఏడుపొచ్చింది.

ఉగాది పోయాక నాయన వచ్చాడు. ఆ రోజుకు దిబ్బ మీద ఒక్కటే మిగిలింది. ఆలస్యంగా పుట్టిన పిల్ల, ఇంకా మట్టిరంగు వదల్లేదు. దాని తల్లి ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. ఒంటరిగా లోతు లేని నీళ్ళలో ముక్కు ముంచి దొరికింది తింటూ, ఎండెక్కాక రెక్కలు కొట్టుకుని కొంచెం లేచేది. గాలి అందక మళ్ళీ ఇసుక మీద కూలబడేది. నేను లోలోపల గంతులు వేశాను. ఇది పోదు, అమ్మా పోదు.

నాయనకు కాలు నిలవలేదు. కొట్టిన చెరుకు కళ్ళంలో ఎండిపోతా ఉండాది, పిట్ట కోసరం కూర్చోమంటే ఎట్లత్తా అన్నాడు. అవ్వ తలుపు వారగా నిలబడి, “పాపకు మాటిచ్చినానప్పా. పాప వచ్చి పోయిందని చెప్పేదాకా పంపను,” అంది. నాయన నావైపు చూశాడు. నేను అవ్వ వెనక్కి పోయాను. మన ఊరికి గూడబాతులు వచ్చినాయా నాయనా అని అక్కడినుంచే అడిగాను. మన పక్క కొంగలు తప్ప ఏమీ లేవని విసుక్కున్నాడు. పక్కింటి వాళ్ళు మా అరుగు ముందు నుంచి పోతూ, అల్లుడుగారూ, మీ పిట్ట లేసిందా అని పలకరించి నవ్వేవారు. దిబ్బ మీదికి పోయి ఒక్క మట్టిగడ్డ విసిరితే తీరిపోయే పని. నాయన కూడా ఆ పని చేయలేదు.

ఆ పిట్ట మాత్రం పట్టు వదల్లేదు. ప్రతి పూటా నిన్నటికన్నా కాస్త పైకి పోయేది. మా అవ్వ వాళ్ళ కొట్టమంత, తర్వాత తుమ్మచెట్టంత. సుడి ఎక్కడుందో దానికి తెలియడం లేదు. రోజూ చూసి చూసి నాకు తెలుసు. ఇంకొంచెం ఎడమకు, మొన చివరకు పోతే చాలు. ఒక రోజు బాగా ఎండ కాసింది. అది లేచింది. వంకరగా మొన చివరకు పోయింది. నేను నిలబడ్డాను. రెక్కలు కొట్టీ కొట్టీ అలిసి, ఆపేసి, చాచింది. గాలి దాన్ని పట్టుకుంది. ఎగురు, ఎగురు అని అరుస్తున్నది నేనేనని నాకు తెలియదు. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టుకు తాటిచెట్టు దాటింది, తర్వాత తళుక్కుమంది, మాయమైంది, మళ్ళీ తళుక్కుమంది. పడమటికి జారింది.

పోయింది, పోయింది అని చప్పట్లు కొడుతూ ఇంటికి పరిగెత్తాను. ఎగరడం రాని పిట్ట ఎగిరిందని అంత సంతోషం నాకు. అరుగు మీద నాయన లేచి నిలబడి తువ్వాలు దులిపాడు. అమ్మ ఊయల దగ్గరినుంచి తలెత్తి నన్నే చూస్తోంది. ఆ చూపు చూశాక నేను ఏం చెప్పానో నాకు అర్థమైంది. నా నోటితో నేనే చెప్పాను. వాకిట్లో కూలబడి, ఊరంతా వినపడేలా ఏడ్చాను.

నాయన అప్పటికే సంచి సర్దుతున్నాడు. అవ్వ వచ్చి సంచి పక్కకు పెట్టేసింది. “ఈ పొద్దు శుక్రవారం, అందులోనూ పడమటికి శూల. నా బిడ్డను రేపు పంపుతా,” అంది. పిట్ట పోయింది గదత్తా అన్నాడు నాయన. “దానికి వారం తెలీదు. నాకు తెలుసు,” అంది. అట్లా మా అవ్వ నాకు అమ్మను ఇంకొక్క రోజు ఇచ్చింది. ఆ రోజంతా అమ్మ నన్ను చంక దించలేదు.

మర్నాడు ఒడిబియ్యం పోసి పంపాక, బస్సు లేపిన దుమ్ము అణిగాక, అవ్వ మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. అందరూ పోయినారు, నేనొక్కదాన్నే ఈడ ఉండాల్నా అని ఆమె కొంగు పట్టి లాగి కొట్టాను. కొట్టనిచ్చింది. తర్వాత నన్ను దిబ్బ మీదికి తీసుకుపోయి తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టింది. ఖాళీ ఇసుక మీద పిట్టల కాలి గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. “సూడు పాపా, పోయేది అందురికీ కనపడతాది. వచ్చేది మాత్రం ఉండినోళ్ళకే కనపడతాది,” అంది.

వానలు పడ్డాక ఆ ఊళ్ళో తొలి గూడబాతును చూసింది నేనే. ఎక్కడ వెతకాలో నాకు తెలుసు గదా. అది దిగిన కొన్నాళ్ళకు బస్సు దిగి అమ్మ వచ్చింది, చంకలో బొద్దుగా తమ్ముడు.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మనవరాలు సెలవులకు వచ్చి హాస్టలుకు తిరిగి పోయేటప్పుడల్లా బస్టాండు దాకా పోతాను. ఎండకు వద్దు నాన్నమ్మా, ఇంటికి పొమ్మంటుంది. నేను పోను. ఏ కిటికీ పక్కన కూర్చుంది, బస్సు ఏ వైపు తిరిగింది, మలుపు దగ్గర వెనక్కి చూసిందా అని అన్నీ చూసుకునే దాకా నాకు కాలు కదలదు. బస్సు కదలగానే ఎగురు, ఎగురు అని ఇప్పటికీ నా నోరే ముందు అంటుంది. ఏడుపు ఆ తర్వాత, ఇంటి వాకిట్లోకి వచ్చాక వస్తుంది.