అవ్వ మంచం కింద తేనె బీరు

వయసులో ఉన్నప్పుడు ఫోనులో వీడియో చూస్తే చాలు, ఏ పనైనా వచ్చేసిందనిపిస్తుంది. నాకు లాక్‌డౌన్ రోజుల్లో అలాగే అనిపించింది. బెంగళూరు ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చెయ్యమంటే హిందూపురం వచ్చిపడ్డాను. మందు షాపులన్నీ మూసేశారు. (తెరిచి ఉన్నా మా నాయన ముందు ఆ మాట ఎత్తే ధైర్యం నాకెక్కడిది!) నాతో చదివిన పెనుకొండ స్నేహితుడొకడు ఉండేవాడు. కెమిస్ట్రీ తప్పాడు కాబట్టి వాణ్ని 'సైంటిస్టు' అనేవాళ్లం. వాడు కొండ తేనె తెచ్చాడు. నేను మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని ఉడికించి వడకట్టాను. అందులో తేనె, బేకరీలో బతిమాలి తెచ్చిన ఈస్టు కలిపి, పులిశాక సీసాల్లో పోసి బిగించి, అవ్వ మంచం కింద దాచాం.

"ఏందిరా అబ్బోడా అవి?" అంది అవ్వ.

"నీ మోకాళ్లకు కషాయం అవ్వా. ఇంకా ఊరాల."

"నా బంగారు కొండ!" అని అవ్వ మెటికలు విరిచింది.

ఆంక్షలు సడలగానే ధర్మవరం నుంచి, నాకు చూసిన పిల్ల తండ్రి మా ఇల్లు చూడ్డానికి వచ్చాడు. పట్టుచీరలు నేసే మనిషి, మాట తక్కువ. పిల్ల ఫొటో చూసినప్పటి నుంచి నాకు ఈ సంబంధం కుదిరితే చాలనిపిస్తోంది. నాయన "మావోనికి టీ అలవాటు కూడా లేదన్నా" అంటున్నాడో లేదో, లోపల ఢాం అంది. వెంటనే ఇంకోటి. గడప దాటి హాల్లోకి నురుగు వచ్చేసింది.

"అయ్యో, నా మోకాళ్ల మందు పొంగిపాయ రా!" అంటూ అవ్వ మిగిలిన సీసా చంకలో పెట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

పిల్ల తండ్రి గాలి ఒకసారి పీల్చి, నన్ను చూశాడు. "మగ్గం గుంతలో కూర్చొని నా మోకాళ్లూ పోయినాయి అవ్వా. నాకూ రోంత ఇయ్యి" అన్నాడు. గ్లాసు ఖాళీ చేశాడు. "మంచి కషాయమే. నువ్వూ తీసుకోన్నా" అని నాయనకూ పోయించాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషి కషాయమన్నాక నాయన కాదనలేక కళ్లు మూసుకొని మింగాడు. (ఆ ముఖం గురించి రాయడం నా వల్ల కాదు.)

వెళ్తూ వెళ్తూ ఆయన నా భుజం మీద చెయ్యేసి, "పిల్లను అడిగి చెప్తా అల్లుడా. అంతలోపల ఇంగ యాడన్నా సీసాలు ఉంటే మూతలు వదులు చెయ్యి" అన్నాడు. 'అల్లుడా' అన్న మాట తప్ప నాకింకేమీ వినపడలేదు.

ఈ మధ్య బెంగళూరులో నా భార్యతో (ఆ ధర్మవరం పిల్లే) ఓ హోటల్‌కెళితే తేనె కలిపిన ఏల్ అనే బీరు తెచ్చిచ్చారు. చాలా బాగుంది. మేం చేసింది, నిజం చెప్పాలంటే, పులిసిన గంజిలో తేనె వేసినట్టుండేది. అయినా సీసాను వెలుతురుకెత్తి చూసుకుంటూ "మనమే చేసినాం రా!" అని మురిసిపోయిన అప్పటి నాలోని కుర్రాడు గుర్తొచ్చాడు. వాడే గనక నా పక్కన ఉండుంటే, హోటల్‌వాణ్ని పిలిచి, "ఈస్టు రోంత తక్కువైంది బ్రదర్" అని సలహా ఇచ్చేవాడు. నేను బుద్ధిగా బిల్లు తెమ్మన్నాను.