మూడో నంబరును ఆపమన్న కండక్టరమ్మ

తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి బయటికి తీసుకురమ్మని అడిగినందుకు ఒక మనిషిని ఫుట్‌బాల్ మైదానం నుంచి జీవితాంతం బహిష్కరించారు. ముందుగా నోటీసు ఇవ్వలేదు. ఆమె వాదన వినలేదు. కారణాన్ని ముఖాన చెప్పే ధైర్యం కూడా ఎవరూ చేయలేదు. సీజన్ ముగిశాక ఒక ప్రాక్టీసు ఆట చూడటానికి వెళ్ళినప్పుడు గేటు కాపలాదారు చేయి అడ్డం పెట్టి, రానివ్వవద్దని పైనుంచి చెప్పారని గొణిగాడు. అతను ఏళ్ళ తరబడి ఆమె బస్సులోనే పనికి వస్తున్న మనిషి. ఆ మాట అంటున్నంతసేపూ ఆమె చెప్పుల వైపే చూశాడు.

ఆమె బస్సు కండక్టరు. మైదానంలో అందరికీ కండక్టరమ్మ. ముందు తలుపు దగ్గర నిలబడి వెనక తలుపు దగ్గరున్న వాణ్ణి లోపలికి జరిపించగల గొంతు ఆమెది. ఆమె రూటు మైదానం గోడ వెనకే ముగుస్తుంది. పనిలో చేరిన కొత్తలో, ఆట ముగియవస్తుండగా జనం బయటపడేందుకు గేట్లు తెరిచేవారు. ఆ సందులో ఆమె, డ్రైవరు లోపలికి దూరి మిగిలిన కాస్త ఆటా చూసి మళ్ళీ బస్సెక్కేవారు. అలా చాలా ఏళ్ళు ఆమె ఫుట్‌బాల్‌ను చివరినుంచే చూసింది. ఆటకు మొదలనేది ఒకటుంటుందని తనకు పెళ్ళయ్యాక భర్త చెబితేనే తెలిసిందని చెప్పి నవ్వించేది. భర్త పోయాక, ఆట ఉన్న రోజున డ్యూటీ పడకుండా తోటివాళ్ళతో షిఫ్టులు మార్చుకుని పూర్తి ఆటలు చూడటం మొదలుపెట్టింది. గ్యాలరీలో కూర్చున్న ఆ కాసేపూ ఆమెను ఎవరూ చిల్లర అడగరు. ఎవరి మోచేయీ పక్కటెముకల్లో గుచ్చుకోదు. లోకంలో ఆమెకంటూ ఉన్న చోటు అదొక్కటే.

జట్టు ఆట మీద ఆమెకున్న అభిప్రాయాలు మొహమాటం ఎరుగనివి. గోల్‌కీపరు మంచివాడే. కానీ బంతి గాల్లో వచ్చిందంటే, అది ఎవరిదో కనుక్కుని వస్తానన్నట్టు బయలుదేరి సగం దారిలో మనసు మార్చుకుంటాడు. ముందు ఆడేవాడు పెళ్ళికొడుకులా నిలబడతాడు, అన్నీ తన దగ్గరికే రావాలి. కెప్టెన్‌కు కాళ్ళు పోయాయి, నోరు మిగిలింది. కోచ్ వరుసగా ఓడుతూ, ఒకసారి గడ్డి మీదికి, ఒకసారి రిఫరీ మీదికి తప్పు నెడుతున్నాడు. అందరినీ మించిన తప్పు యాజమాన్యానిది. ఎడమ పక్కన కాపు కాయగలిగిన ఇద్దరిలో ఒకణ్ణి సీజన్ మధ్యలో అమ్ముకుంది. ఇక ఆ పక్కకు దిక్కు మూడో నంబరు కుర్రవాడే.

ఆ మూడో నంబరును ఆమె ఏడాది పొడవునా విడిచిపెట్టలేదు. అతనికి నిదానం అని పేరు పెట్టింది కూడా ఆమే. "బాబూ నిదానం, బంతి నీ కోసం ఆగదు, అది ఎక్స్‌ప్రెస్సు," అని ఆమె కేక వేస్తే గ్యాలరీ మొత్తం గొల్లుమనేది. పక్క సీటులో కూర్చునే తాళాలాయన, అంటే సందు చివర తాళాలు బాగుచేసే పెద్దాయన, ఆ కేకల కోసమే వస్తానని బాహాటంగానే చెప్పేవాడు.

తిట్టే మనిషి చూపు ఎంత గట్టిదో ఆ నవ్వేవాళ్ళలో ఎవరికీ తట్టలేదు. పొగిడేవాళ్ళు గోలు పడినప్పుడే చూస్తారు. ఆమె అతన్ని బంతి లేనప్పుడు కూడా చూసేది. బంతి చేత్తో విసరబోయే ముందు అతను కుడికాలి మేజోడు పైకి లాక్కుంటాడు. ఎదుటివాళ్ళు దాడికి బయలుదేరితే ఒకసారి భుజం మీదుగా గోల్‌కీపరు వైపు చూసుకుంటాడు. ఆమె కేక వినబడితే మొహం ముడుచుకుని గ్యాలరీ వైపు ఓ చూపు విసురుతాడు. ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తిట్టడానికి కావలసిన సరుకు కదా మరి.

సీజన్‌లో చివరి ఆట అది. గెలవకపోతే జట్టు కింది లీగ్‌లోకి జారిపోతుంది. హాఫ్‌టైంకు కాస్త ముందు కార్నర్ బంతి కోసం ఇద్దరు ఎగిరారు, రెండు తలలు ఢీకొన్నాయి. మూడో నంబరు పడిపోయి, కాసేపటికి తనంతట తానే లేచాడు. బెంచీ దగ్గర డాక్టరు లేడు. ఒకతను పరుగున వచ్చి మెడ మీద నీళ్ళు పోసి, వీపు తట్టి వెళ్ళిపోయాడు. ఆట సాగింది.

విరామం అయ్యాక జట్లు వైపులు మార్చుకున్నాయి. మూడో నంబరు మాత్రం మొదటి సగంలో తాను కాపు కాసిన కొసకే నడిచి వెళ్ళి, ఎదుటి జట్టు గోల్‌కీపరు పక్కన తన స్థానంలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. మైదానమంతా పగలబడి నవ్వింది. తాళాలాయన ఆమెను మోచేత్తో పొడిచి, ఇలాంటి అవకాశం మళ్ళీ దొరకదు, కానివ్వమన్నాడు. వెనక వరుసలవాళ్ళు ఆమె కేక కోసం ముందే నవ్వు సిద్ధం చేసుకున్నారు.

ఆమె నోరు తెరవలేదు.

తోటి ఆటగాడు అతన్ని మోచేయి పట్టుకుని ఇవతలికి తెచ్చాడు. కాసేపటికి బంతి గీత దాటింది. విసరడానికి మూడో నంబరు దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. మేజోడు మడమ దాకా జారి ఉంది, పైకి లాక్కోలేదు. బంతి పట్టుకుని అలా నిలబడిపోయాడు.

"తాళాలాయనా, ఆ అబ్బాయికి ఏదో అయింది."

"అతనికి ఎప్పుడూ ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది కదమ్మా."

ఆమె లేచి మెట్లు దిగింది. ముందు అక్కడున్న కాపలావాడికి చెప్పింది. తన పని కాదన్నాడు. కంచె ఇవతలినుంచి బెంచీకి వినబడేలా పిలిచింది. కోచ్ తల తిప్పి చూశాడు, గొంతు గుర్తుపట్టాడు, మళ్ళీ తల తిప్పుకున్నాడు. సంవత్సరమంతా విన్న గొంతే అది. అప్పుడు ఆమె, యాభై దాటిన మనిషి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని కంచె దాటింది. గీత దగ్గరికి వెళ్ళి, మూడో నంబరుకు తల మీద దెబ్బ తగిలిందని, బయటికి తెచ్చి డాక్టరుకు చూపించమని కోచ్‌కు చెప్పింది. ఆ కుర్రవాణ్ణి తాకలేదు. దూషించలేదు. అతను ఆమె వైపు చూశాడు. మొహం ముడుచుకోలేదు. ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

ఇద్దరు వచ్చి రెక్కలు పట్టుకుని లాక్కుపోయారు. జనం చప్పట్లు కొట్టారు.

గ్యాలరీ కింద, గీతలు గీసే సున్నం డబ్బాలూ చీపుళ్ళూ పెట్టుకునే గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. ఆమె అక్కడినుంచే విన్నది. ఒక పెద్ద హోరు. గోలు పడింది, మనవాళ్ళదే. నెలల తరబడి ఆమె ఎదురుచూసిన గోలు అది. కొంతసేపటికి ఆ హోరు మధ్యలో తెగిపోయి మైదానం మూగదైంది. గెలుస్తున్న మైదానం అలా ఉండదు. ఎవరూ తగలకుండానే మూడో నంబరు గడ్డి మీద కూలబడ్డాడని, అంబులెన్సు లోపలికే వచ్చిందని తర్వాత తెలిసింది.

ఆ కుర్రవాడి తలలో రక్తం చేరింది. ఆపరేషన్ చేశారు. బతికాడు. జట్టు లీగ్‌లో నిలిచింది. క్లబ్బు పత్రికలకు ఒక ప్రకటన ఇచ్చింది: ఆటలో అతనికి చెప్పుకోదగ్గ దెబ్బ ఏదీ తగలలేదు, ఒక ప్రేక్షకురాలు మైదానంలోకి చొరబడి కలవరపెట్టినందువల్ల అస్వస్థతకు గురయ్యాడు. ఏడాది పొడవునా ఆమె అతన్ని దూషించడం అందరికీ తెలిసిన విషయమేనని కూడా అందులో చేర్చారు. ఆ ఒక్క వాక్యం నిజం. అబద్ధాన్ని నిలబెట్టడానికి దాన్ని గుంజగా పాతారు.

కొత్త సీజన్ దగ్గర పడ్డాక క్లబ్బు కార్యదర్శి ఆమెను ఆఫీసుకు పిలిపించాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు. మొదటి ఆట ముందు మైదానం మైకులో రెండు మాటలు చెబితే నిషేధం ఎత్తేస్తామన్నాడు. కోపంలో కంచె దాటానని, తన వల్లే ఆటగాడు కలత చెందాడని, క్షమించమని. అంతే. ఆమె కొంచెం గడువు అడిగి వచ్చేసింది.

కాదని అప్పటికప్పుడే లేచి వచ్చేసిందని రాస్తే బాగుంటుంది, కానీ అలా జరగలేదు. ఆమెకు ఆ సీటు కావాలి. కొత్త కోచ్ వచ్చాడు. ఎడమ పక్కకు కొత్త ఆటగాణ్ణి కొన్నారట. అతను ఎలా ఆడతాడో చూడకుండా ఉండటం ఆమెకు తిండి సహించనివ్వలేదు. ఇంట్లో ఆమెతో ఉండే చెల్లెలు, స్కూల్లో గుమాస్తా, చెప్పేయమనే అంది.

"బస్సులో రోజంతా నీ తప్పు కాకపోయినా సారీ చెప్తూనే ఉంటావు కదక్కా. ఇదీ ఒకటి అనుకో. ఆట లేక ఆదివారాలు నువ్వు నన్ను రిఫరీని చేసి తిడుతున్నావు, నేను తట్టుకోలేకపోతున్నాను."

ఆమె నవ్వింది. సరే చూద్దాం అంది. ఆ చూద్దాంలో ఒప్పుకోలు ముప్పాతిక వంతు ఉంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం, చివరి స్టాపులో అందరూ దిగిపోయాక ఒకామె సీటులోంచి లేవలేదు. బట్టల కొట్లో పనిచేసేవాళ్ళు వేసుకునే నీలం కోటు వేసుకుని ఉంది.

"మా వాణ్ణి నిదానం అనేది మీరేనా?"

కండక్టరమ్మ టికెట్ల సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నేనేనమ్మా."

తాను గ్యాలరీ అవతలి కొసన కూర్చునేదాన్నని, ఆ గొంతు లేచిందంటే చెవులు మూసుకునేదాన్నని ఆ తల్లి చెప్పింది. ఇంటికి వెళ్ళి కొడుకుతో అంటే, ఆవిడ అన్నదాంట్లో తప్పేముందమ్మా అనేవాడట. దాంతో ఇంకా ఒళ్ళు మండేదట.

"ఆ రోజు కూడా తిట్టడానికే దిగుతున్నారనుకున్నాను," అంది. "వాడు అటువైపు వెళ్ళి నిలబడితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కన్నదాన్ని, నేనూ నవ్వాను."

కొడుకు ఇప్పుడెలా ఉన్నాడని కండక్టరమ్మ అడిగింది. చెంచా కావాలంటే అది, అది అని చెయ్యి చూపిస్తాడని, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాడని, మేజోళ్ళు తానే తొడుగుతున్నానని తల్లి చెప్పింది. ఆటలో తగిలిన దెబ్బ కాదు కాబట్టి తమకు బాధ్యత లేదని క్లబ్బు వాళ్ళు అన్నారట.

"మీరు మైకులో ఏదో చెప్పబోతున్నారని విన్నాను. మిమ్మల్ని చూసి బెదిరి పడిపోయాడనేనా?"

ఆ తల్లి బతిమాలలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. టికెట్టు మడిచి కోటు జేబులో పెట్టుకుని దిగిపోయింది.

కార్యదర్శి ఇచ్చిన గడువు నాటికి ఆమె యూనిఫాంలోనే ఆఫీసుకు వెళ్ళింది. మైకులో చెప్పబోయేది ముందుగా ఒకసారి వినిపించమన్నాడతను. ఆమె లేచి నిలబడింది. ఆ చిన్న గదిలో గొంతు తగ్గించడానికి ప్రయత్నించలేదు.

"మూడో నంబరు ఆట నాకు నచ్చలేదు. ఏడాదంతా తిట్టాను. అతన్నీ, వాళ్ళమ్మనీ నొప్పించినందుకు క్షమించమని అడుగుతున్నాను. ఆ రోజు మాత్రం నేను తిట్టడానికి దిగలేదు. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఆడిస్తుంటే ఆపమని దిగాను. మీరు ఆపలేదు. అతను పడిపోయింది నన్ను చూసి కాదు."

"ఇది క్షమాపణ కాదమ్మా," అన్నాడు కార్యదర్శి.

"క్షమాపణే బాబూ. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్తున్నాను."

నిషేధం అలాగే ఉండిపోయింది. మొదటి ఆట ఆమె లేకుండానే జరిగింది, జట్టు ఓడిపోయింది. తాళాలాయన ఇంటికి వచ్చి ఆటంతా వర్ణించి చెప్పాడు. కొత్త ఎడమ పక్కవాడి మీద ఆమె అభిప్రాయం అడిగాడు. చూడని ఆట మీద తీర్పు చెప్పనని ఆమె అంది.

ఆమె పాటించిన ఆ మాత్రం న్యాయం క్లబ్బు పాలకవర్గంలో కూర్చున్న మీరు ఆమె పట్ల పాటించలేదు. ఆమె మీద నిషేధాన్ని ఏ సమావేశంలో, ఏ నియమం కింద, ఏ సాక్ష్యం చూసి విధించారో చెప్పండి. చెప్పలేకపోతే అది నిషేధం కాదు, కక్ష. దాన్ని ఈ వారమే రద్దు చేయండి. ఆమె చొరబాటు వల్లే ఆటగాడు కూలిపోయాడన్న ప్రకటనను, ఆమె చేత క్షమాపణ చెప్పించబోయిన అదే మైకులో, అంతమంది వింటుండగా వెనక్కి తీసుకోండి. అతని వైద్యం భారం మీదేనని ఒప్పుకోండి. అంతకంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు ఇవ్వండి: విరామంలో అతని తలను చూసిందెవరు, చూసి, వెళ్ళి ఆడమని పంపిందెవరు? ఆ పేరు మీకు తెలుసు. దాన్ని పత్రికా ప్రకటనల వెనక దాచకండి. బట్టల కొట్లో పనిచేసే ఆ తల్లి ఇంటికి వెళ్ళి, కొడుకు పక్కనుండగా ఆమె ఎదుట కూర్చుని చెప్పండి.